అడాల్ఫ్ ద ప్లెవిట్జ్: 9,401 మంది అర్జీకి అండగా నిలిచిన మనిషి

పూర్వీకుల వివరాలు వెదకుకొంటూ మోకాలోని మహాత్మా గాంధీ సంస్థకు వెళ్ళిన మన కుటుంబాలకు ఒక్కొక్కసారి పాత ఛాయాచిత్రం ఒకటి లభిస్తుంది. ముత్తాత ముఖాన్ని మొదటిసారి చూచిన సంతోషంలో, ఆ చిత్రాన్ని ఎవరు, ఎందుకు తీయించారని మనం అడగము. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ జీవితాన్ని తెలుసుకొంటే ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

ఆయన 1837లో పారిస్ నగరంలో, జర్మన్ మూలాలు గల కుటుంబంలో జన్మించారు. 1858లో మారిషస్ చేరారు. ఇక్కడే వివాహం చేసుకొని, మామగారికి చెందిన నూవెల్ దెకూవెర్త్ తోట నిర్వహణ చూచేవారు. అంటే, ఆయన యజమానుల వర్గానికి చెందినవారే.

అప్పటికే కోరంగి రేవు నుండి, ఇతర రేవుల నుండి ఓడలెక్కి వచ్చిన మన పెద్దలు చెరకు తోటలలో పనిచేస్తున్నారు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒప్పందం ముగిసినవారికీ విముక్తి లేదు. 1867 నాటి చట్టం ప్రకారం అట్టివారు తమ ఛాయాచిత్రం అతికించిన టికెట్టును, పోలీసులిచ్చిన పాసును ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలి. అవి చూపలేకపోతే దేశదిమ్మరులని ముద్రవేసి నిర్బంధించేవారు. ఆ భయంతో ఎందరో మరల తోట ఒప్పందానికే తలవంచారు. మనం నేడు భద్రంగా దాచుకొనే చిత్రాలలో అనేకం ఆ టికెట్ల వ్యవస్థ మిగిల్చినవే.

వలసదారుల రక్షణకని ఒక ప్రత్యేక అధికారి ఉండేవారు. న్యాయాధికారులూ ఉన్నారు, పోలీసులూ ఉన్నారు. ఎవరి పుస్తకాలు వారి దగ్గర సక్రమంగానే ఉన్నాయి. కానీ కూలి అందనివాని మొర వినే చోటు ఒక్కటీ లేదు.

ఆ మొర విన్నవారు ప్లెవిట్జ్. తన వద్దకు వచ్చిన కార్మికుల బాధలను ఆయన ఒక అర్జీగా రూపొందించారు. రాజరత్నం మొదలియార్ వంటివారు ఆ పనిలో తోడ్పడ్డారు. జిల్లా దాటితే పాసు అడిగే రోజులలో 9,401 మంది ఆ అర్జీలో తమ పేర్లు చేర్చారు. 1871 జూన్‌లో అది గవర్నర్ ఆర్థర్ గోర్డన్‌కు చేరింది. ప్లెవిట్జ్ సాహసాన్ని కొనియాడేటప్పుడు, పట్టుబడితే ఆయన కంటె ఎక్కువ పోగొట్టుకొనే ఆ వేలమంది సాహసాన్ని మరువరాదు.

తోటల యజమానులు మండిపడ్డారు. ప్లెవిట్జ్‌ను ద్వీపం నుండి వెళ్ళగొట్టాలని తొమ్మిది వందలకు పైగా పెద్దమనుషులు సంతకాలు చేశారు. పోర్ట్ లూయిస్ వీధిలో ఆయనపై దాడి జరిగింది. గవర్నర్ మాత్రం బహిష్కరణకు అంగీకరించలేదు. 1872లో ఫ్రేర్, విలియమ్సన్ అను ఇరువురు సభ్యుల రాయల్ కమిషన్ వచ్చి విచారణ జరిపింది. 1875లో వెలువడిన నివేదిక పోలీసుల వేధింపులను, కూలి ఎగవేతను, రక్షణాధికారి కార్యాలయపు వైఫల్యాన్ని బయటపెట్టింది. 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. అయినా రెట్టింపు కోత ఆ తరువాత కూడా కొనసాగింది.

ఆ చట్టాన్ని చూడకముందే, 1876లో, ప్లెవిట్జ్ ఈ ద్వీపాన్ని విడిచిపెట్టారు. 1893లో ఫిజీలో కన్నుమూశారు.

నేడు మనలో అధికారులున్నారు, న్యాయవాదులున్నారు, యజమానులూ ఉన్నారు. బంగ్లాదేశ్ నుండి, ఇతర దేశాల నుండి ఒప్పందంపై వచ్చినవారు మన ఫ్యాక్టరీలలో పనిచేస్తున్నారు. వారి కాగితాలు ఇప్పుడు మన బల్లల మీదికి వస్తున్నాయి. ముత్తాత చిత్రాన్ని గోడకు తగిలించుకొన్న మనం, ఆ కాగితాలపై సంతకం చేసే ముందు, అవతలి మనిషికి కూలి సక్రమంగా అందుతున్నదా అని ఒక్కమాట అడుగుదాం.