సర్పశాస్త్రవేత్త పాట్రిక్ రసెల్

శ్రమ ఉన్నచోట ప్రమాదమూ పొంచి ఉంటుంది. కర్మాగారంలో యంత్రం వలన, గనిలో బండరాయి వలన, కడలిపై పెనుగాలి వలన శ్రామికునికి ఎట్టి ముప్పు కలదో, పంటపొలంలో సర్పం వలన కర్షకునికి అట్టి ముప్పే కలదు. నెల్లూరు తీరప్రాంతంలోని చిట్టమూరు పరిసరాలలో వరికయ్యలలో నాట్లు వేసే స్త్రీలు, రాత్రివేళ నీరు కట్టడానికి గట్ల వెంట నడిచే రైతులు, రొయ్యల గుంటల వద్ద కాపలా ఉండే కూలీలు ఈ ముప్పును ఎరిగియుండియు పనిలోకి దిగక తప్పనివారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ పాముకాటును వ్యవసాయ శ్రామికులకు వృత్తిరీత్యా సంభవించే ఆపదగా పేర్కొన్నది. తెలుగునేలపై ఈ ఆపదను శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో ప్రథమగణ్యుడు పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు.

రసెల్ 18వ శతాబ్ది పూర్వార్ధంలో ఎడింబరో నగరంలో జన్మించాడు. అక్కడనే వైద్యవిద్యను అభ్యసించాడు. ఆయన సవతి అన్న అలెగ్జాండర్ రసెల్ సిరియా దేశంలోని అలెప్పో నగరంలో ఆంగ్ల వర్తకసంఘానికి వైద్యుడుగా ఉండేవాడు. 1750లో పాట్రిక్ అన్నను చేరుకొన్నాడు. 1753లో అలెగ్జాండర్ స్వదేశానికి మరలిపోగా ఆ పదవిని తమ్ముడు స్వీకరించాడు. 1760 నుండి 1762 వరకు అలెప్పోను ప్లేగు మహమ్మారి పీడించింది. ఆ కల్లోలకాలంలో ఆయన నగరాన్ని విడిచిపోక రోగుల లక్షణాలను ఓపికగా నమోదు చేశాడు. ఆ అనుభవసారమే 1791లో ప్లేగును గూర్చిన గ్రంథంగా వెలువడినది. అరబ్బు ప్రజలు మశూచి రాకుండా టీకా వేసుకొనే పద్ధతిని గూర్చి కూడ ఆయన వివరాలు సేకరించి లండనుకు పంపాడు. సామాన్యజనుల ఆచారాన్ని తేలికగా త్రోసిపుచ్చక, గ్రుడ్డిగా నమ్మక, పరీక్షించి చూచే స్వభావం ఆయనకు అక్కడనే అలవడింది.

స్వదేశానికి తిరిగివచ్చిన రసెల్‌ను 1777లో రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నుకొని గౌరవించింది. ఆ వయస్సులో ఎవరైనా విశ్రాంతిని కోరుకొంటారు. కాని ఆయన తమ్ముడు క్లాడ్ రసెల్‌కు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణంలో ఉన్నతాధికారం లభించింది. తమ్మునికి తోడుగా 1781లో ఆయన కూడ భారతదేశానికి ప్రయాణమైనాడు. అప్పటికి ఆయనకు 50 ఏండ్లు దాటినవి.

విశాఖతీరంలోని చెట్టుచేమలు, చేపలు, పాములు ఆయన దృష్టిని ఆకర్షించినవి. 1785లో కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడు కోనిగ్ మరణించగా ఆ బాధ్యతను రసెల్‌కు అప్పగించారు. వృక్షసంపదను సేకరించుట ఆయన విధి. కాని వైద్యుడైనందున ఆయన మనస్సును మరొక ప్రశ్న వేధించింది. పాము కరచినదని పరుగెత్తుకొని వచ్చినవానికి ఆ పాము విషసర్పమో, కాదో చెప్పగలిగేదెట్లు? ఈ సంగతి తేలనిదే చికిత్సకు ఆధారమే లేదు. అప్పటి ఐరోపా గ్రంథాలలో దీనికి సమాధానం లభించలేదు.

అందుచే రసెల్ తీరమంతటి నుండి పాములను తెప్పించుకొని పరీక్షించసాగాడు. పొట్టక్రింది పొలుసులను, తోకక్రింది పొలుసులను లెక్కించాడు. తల ఆకారాన్ని, ఒంటిమీది మచ్చలను చిత్రింపజేశాడు. పైకి కనిపించే గురుతులను బట్టి విషసర్పాన్ని తప్పక గుర్తించే సులభమార్గం ఒకటి ఉండునేమోయని వెదకినాడు. అట్టి మార్గం దొరకలేదు. నోరు తెరచి కోరలను పరీక్షించనిదే నిశ్చయంగా చెప్పుట సాధ్యం కాదని తేల్చుకొన్నాడు. తన ఆశ ఫలించలేదనే సత్యాన్ని దాచక లోకానికి చెప్పుట ఆయన నిజాయితీకి నిదర్శనం.

ఈ పరిశీలనలో ఆయన చేసిన మరొక పని తెలుగువారికి ప్రత్యేకంగా ప్రీతి కలిగించేది. పాములకు లాటిన్ పేర్లు పెట్టుటకంటె ముందు, ఈ ప్రాంత ప్రజలు వాడే పేర్లనే ఆయన తన గ్రంథంలో వ్రాసుకొన్నాడు. మనం రక్తపింజర అని పిలిచే పామును ఆయన ‘కాటుక రేకుల పొడ’ అని నమోదు చేశాడు. పొడ అనగా మచ్చ. కాటుకవంటి నల్లని రేకుల మచ్చలు గలదని ఆ పేరుకు అర్థం. ఒక్క పేరులోనే గుర్తుపట్టే ఆనవాలు ఇమిడియున్నది. పసుపు, నలుపు పట్టెలు గల మరొక విషసర్పాన్ని ‘బంగారు పాము’ అని వ్రాశాడు. ఆ తెలుగుమాట నుండియే కట్లపాముల జాతికి బంగారస్ అనే శాస్త్రీయనామం ఏర్పడింది. పొలాలలో పాముల జాడ ఎరిగిన సామాన్యుల అనుభవం ఈ విధంగా ప్రపంచ విజ్ఞానంలో భాగమైనది.

ఆ కాలంలో తంజావూరు మాత్రలు అనే ఔషధం పాముకాటుకు రామబాణమని దక్షిణదేశమంతటా పేరు పొందింది. పాషాణం కలిసిన ఆ మాత్రలను పలువురు దొరలు కూడ నమ్మేవారు. రసెల్ కుక్కలపైన, కోళ్లపైన ప్రయోగాలు చేసి విషం పనిచేసే తీరును, మందు పనిచేసే తీరును పోల్చి చూచాడు. ఆ మాత్రలకు గల కీర్తికి తగిన గుణం వాటిలో ఆయనకు కనిపించలేదు. విషంలేని పాము కరచినవాడు ఏ మందు మ్రింగినా బ్రతుకుతాడు. కీర్తి మాత్రం మందుకు దక్కుతుంది. విషం ఎక్కినవానికి ఆ మందుతో గడచిన ప్రతి ఘడియా నష్టమే. అందుచే పనికిరాని మందును పనికిరానిదని చెప్పుట కూడ ప్రాణదానంతో సమానమే.

1789లో రసెల్ ఇంగ్లండుకు మరలిపోయినాడు. రాక్స్‌బర్గ్ రచించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథానికి 1795లో పీఠిక వ్రాశాడు. 1796లో కోరమాండల్ తీరంలో సేకరించిన సర్పాలను గూర్చిన ఆయన గ్రంథం రంగుల చిత్రాలతో వెలువడింది. 1803లో విశాఖపట్టణపు చేపలు 200 రకాలను వర్ణించే గ్రంథం అచ్చయింది. 1805 జూలై 2వ తేదీన ఆయన పరమపదించాడు. నాగుపాము తరువాత అంతటి ప్రాణాంతకమైనదని ఆయన చెప్పిన ‘కాటుక రేకుల పొడ’కు శాస్త్రలోకం 1797లోనే ఆయన పేరు పెట్టి గౌరవించింది.

రసెల్ జీవించియుండగా పాముకాటుకు నిజమైన విరుగుడు లభించలేదు. ఆయన మరణించిన సుమారు 90 ఏండ్లకు ఫ్రాన్సు దేశీయుడైన కాల్‌మెట్ విరుగుడు సూదిమందును రూపొందించాడు. నేడు మన ఆసుపత్రులలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. కనుక కరచిన పామును పట్టి తేవలసిన అవసరం లేదు. ఐనప్పటికీ 2000 నుండి 2019 వరకు మనదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది మరణించారని 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసింది. మృతులలో అధికులు గ్రామీణులు. మందు ఉండియు మనిషి మరణించుటకు ఒక ముఖ్యకారణం ఆలస్యం. ఆ ఆలస్యానికి మూలం తరచుగా తప్పుడు చికిత్స.

కావున ప్రథమ చికిత్సలో చేయవలసిన పనులతోపాటు చేయరాని పనులు కూడ తెలిసియుండాలి. కాటు పడినచోట కోయరాదు. నోటితో విషాన్ని పీల్చరాదు. త్రాడుతో గట్టిగా బిగించి కట్టరాదు. అట్లు చేసిన రక్తప్రసారం ఆగి అవయవమే పోవచ్చును. పసరులు పూయుచు, మంత్రాలు వేయించుచు కాలం గడపరాదు. బాధితునికి ధైర్యం చెప్పి నడవనీయక పడుకోబెట్టాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసివేయాలి. విరిగిన ఎముకకు కట్టినట్లు బద్దను ఆనించి కాలుచేతులు కదలకుండా చూడాలి. వాంతి వచ్చుచున్నచో ఎడమప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 108 వాహనం ద్వారానో, దొరికిన మరే వాహనం ద్వారానో విరుగుడు మందు గల ఆసుపత్రికి తక్షణం చేర్చాలి. కట్లపాము తరచుగా రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు లేకున్నను కనురెప్పలు వాలిపోవుట, మాట ముద్దగుట కనిపించినచో ఉపేక్షించరాదు.

రసెల్ పాముకాటుకు మందు కనుగొనలేదు. కాని తెలిసినదానిని తెలిసినట్లు, తెలియనిదానిని తెలియనట్లు చెప్పి, ఆధారంలేని నమ్మకాన్ని పరీక్షకు నిలిపాడు. అదే వైద్యశాస్త్రానికి పునాది. పొలంగట్టుమీద పాముకాటుకు గురియైన కూలీ ప్రాణం నేడు ప్రక్కనున్నవారి వివేకంపై ఆధారపడి ఉంటుంది. ఆ వివేకం చదువుకొన్న యువతీయువకుల ద్వారా ప్రతి గ్రామానికి చేరిననాడు, రెండు శతాబ్దాలకు పూర్వం ఈ తీరంలో శ్రమించిన ఆ వైద్యుని కృషి సార్థకమవుతుంది.