జాన్ వాన్ న్యూమన్: అణుబాంబు లెక్కల నుంచి గళ్ల కాగితంపై జీవం దాకా.. సగంలో ఆగిన ఓ మేధావి ప్రయాణం!

వరుసగా మూడు గడులు. ఇప్పుడు అడ్డంగా ఉంటాయి.. మరుక్షణం నిలువుగా మారతాయి.. మళ్లీ అడ్డం. ఎవరూ తాకకపోయినా ఈ మిణుకు ఆగదు. గేమ్ ఆఫ్ లైఫ్ వీడియోలు చూసేవాళ్లకు ఈ బ్లింకర్ బాగా తెలుసు. అయితే ఇలాంటి గడుల లోకానికి పునాది వేసిన వ్యక్తి దీన్ని చూడకుండానే కన్నుమూశారు. ఆయనే జాన్ వాన్ న్యూమన్.

బాంబు, కంప్యూటర్.. రెండింటిలోనూ ఆయనే

1903 డిసెంబర్ 28న బుడాపెస్ట్‌లో ఓ యూదు బ్యాంకర్ ఇంట పుట్టారు. 1930లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో లాస్ అలమోస్‌లో అణుబాంబు లెక్కలు వేశారు. ప్రోగ్రామ్, డేటా రెండూ ఒకే మెమరీలో ఉండాలని 1945లో రిపోర్ట్ రాశారు. మన చేతిలోని ఫోన్‌కూ మూలం ఆ ఆలోచనే.

యంత్రం పిల్లల్ని కంటుందా?

యుద్ధం ముగిశాక ఆయన్ను ఈ ప్రశ్న వదల్లేదు. గళ్లు గీసి ఆలోచించమని స్నేహితుడు స్టానిస్లా ఉలామ్ సలహా ఇచ్చారు. అంతే.. దారి దొరికింది!

ఆయన గళ్లలో ఒక్కో గడి 29 స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. నాలుగు పక్కల గడులను చూసి మారుతుంది. అందులో పీరియాడిక్ పల్సర్ అనే చిన్న ఏర్పాటు ఉంది. ఆపమనే దాకా అదే సంకేతాన్ని మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది.

అసలు ప్లాన్ ఏంటంటే.. యంత్రం తన వివరాలు తానే చదివి, అలాంటి ఇంకో యంత్రాన్ని కట్టాలి. తర్వాత ఆ వివరాలను కాపీ చేసి దానికివ్వాలి. ఈ ఆలోచనను 1948లోనే ఓ ప్రసంగంలో వివరించారు. డీఎన్‌ఏ నిర్మాణం బయటపడింది 1953లో! జీవకణం చేసే పని కూడా దాదాపు ఇదేనని తర్వాత తేలింది.

సగంలోనే ఆగిన రాత

1955లో క్యాన్సర్ బయటపడింది. మరుసటి ఏడాదికి వీల్‌చైర్‌కు పరిమితమయ్యారు. 1957 ఫిబ్రవరి 8న వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆస్పత్రిలో చనిపోయారు. అప్పటికి వయసు 53 ఏళ్లే. గడుల యంత్రంపై రాసింది సగంలోనే మిగిలింది. ఆర్థర్ బర్క్స్ దాన్ని పూర్తి చేసి 1966లో పుస్తకంగా తెచ్చారు.

29 నుంచి రెండుకు..

1970లో కేంబ్రిడ్జ్ గణితవేత్త జాన్ కాన్వే ఆ 29 స్థితులను రెండుకు కుదించారు. గడి బతికుండాలి, లేదా ఖాళీగా ఉండాలి. చుట్టూ ఉన్న 8 గడుల్లో రెండు లేదా మూడు బతికుంటేనే గడి బతుకుతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడుంటే అక్కడ కొత్తది పుడుతుంది.

బ్లింకర్ రహస్యం ఇదే. మధ్య గడికి రెండు తోడు.. బతుకుతుంది. చివరి గడులకు ఒక్కటే తోడు.. పోతాయి. మధ్య గడికి పైనా, కిందా ఉన్న ఖాళీలకు మూడేసి తోడు.. అక్కడ కొత్తవి పుడతాయి. అడ్డం కాస్తా నిలువైపోతుంది!

బ్లింకర్ రెండు అడుగులకోసారి మొదటికొస్తే, పల్సర్ అనే ఆకారం మూడు అడుగులకోసారి వస్తుంది. చాలాకాలం దొరకని 19, 41 అడుగుల ఆకారాలు కూడా 2023లో దొరికాయి. దీంతో ఎన్ని అడుగులకోసారి తిరిగొచ్చే ఆకారమైనా ఉందని తేలింది.

బాంబుతో గుర్తుండిపోయిన మనిషి చివరి ఏళ్లలో వెతికింది మాత్రం పుట్టుక రహస్యాన్ని. ఆయన వదిలిన గళ్లలో కొత్త ఆకారాలు ఇంకా పుడుతూనే ఉన్నాయి.