దూరాన్ని కొలిచిన ప్రశాంత చంద్ర మహలనోబిస్

మన కోల్‌కతాలో బి.టి. రోడ్డు వెంట ఉత్తరంగా వెళితే బారానగర్‌లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వస్తుంది. దాన్ని స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ తన జీవితంలో ఎం.ఆర్.ఐ. చిత్రాన్ని చూడలేదు. ఆయన 1972లో కన్నుమూశారు. ఆ పద్ధతిలో తీసిన తొలి చిత్రం 1973లో ప్రచురితమైంది. అయినా ఈనాడు మెదడు చిత్రాలను పరిశీలించే సాఫ్ట్‌వేర్లలో ఆయన పేరుగల సూత్రం పనిచేస్తూనే ఉంది. అదెలా సాధ్యమైందో తెలుసుకుందాం.

మహలనోబిస్ 1893 జూన్ 29న ఈ నగరంలోనే పుట్టారు. బ్రహ్మో బాలుర పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో 1912లో భౌతికశాస్త్రంతో పట్టభద్రులయ్యారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ అక్కడ ఆయనకు గురువులు. 1913లో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చేరారు. అక్కడే శ్రీనివాస రామానుజన్‌తో స్నేహం కుదిరింది. చలిదేశంలో మంచం మీద దుప్పట్లు ఎలా కప్పుకోవాలో తెలియక రామానుజన్ రాత్రంతా వణుకుతుంటే, వాటిని ఎత్తి లోపల ఎలా దూరాలో చూపించింది మహలనోబిసే. కొత్త ఊరికి వెళ్ళినవారికి ఇలాంటి చిన్న సాయం ఎంత పెద్దదో బదిలీల మీద ఊళ్ళు తిరిగే మనకు వేరే చెప్పాలా!

తిరిగి వచ్చేముందు ఒక అధ్యాపకుడు ఆయనకు బయోమెట్రికా అనే పత్రికను చూపించారు. ప్రాణుల కొలతలను లెక్కల సాయంతో అర్థం చేసుకునే పత్రిక అది. మహలనోబిస్ దాని సంపుటాలన్నీ కొని, ఓడ ప్రయాణంలోనే చదవడం మొదలుపెట్టారు. ఇక్కడికి వచ్చి ప్రెసిడెన్సీలో భౌతికశాస్త్రం బోధిస్తున్నా, మనసు మాత్రం గణాంకాల మీదే నిలిచింది.

1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో నెల్సన్ అనండేల్ అనే జంతుశాస్త్రజ్ఞుడు కలిశారు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల ఎత్తు, తల పొడవు, తల వెడల్పు వంటి కొలతలు ఆయన సేకరించి ఉంచారు. వాటిని విశ్లేషించమని మహలనోబిస్‌ను కోరారు. అక్కడ ఒక చిక్కు ఎదురైంది. రెండు జనసమూహాలు ఒకదానికొకటి ఎంత దగ్గర, ఎంత దూరం అని చెప్పాలంటే ఒక్క కొలత చాలదు. అన్నీ కలిపి చూద్దామంటే, అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక తరగతిలో సగటు ఎత్తు 150 సెంటీమీటర్లు, సగటు బరువు 42 కిలోలు అనుకోండి. ఒక అబ్బాయి ఎత్తు 160, బరువు 50. ఇంకొక అబ్బాయి ఎత్తు 160, బరువు 34. సగటు నుంచి ఇద్దరి తేడా ఒక్కటే: ఎత్తులో 10, బరువులో 8. కానీ పొడుగ్గా ఉన్నవారు కాస్త బరువుండడం మామూలే. పొడుగ్గా ఉండి అంత తేలికగా ఉండడమే అరుదు. మామూలు స్కేలుకు ఈ తేడా తెలియదు. కొలతలు ఎలా కలిసి పెరుగుతాయో, కలిసి తగ్గుతాయో లెక్కలోకి తీసుకునే దూరాన్ని మహలనోబిస్ రూపొందించారు. 1936లో వచ్చిన ఆయన వ్యాసం తరువాత ప్రపంచమంతా దానిని మహలనోబిస్ దూరం అని పిలవసాగింది.

కొలతలు ఇచ్చారు కదా అని ఆయన గుడ్డిగా నమ్మేవారు కాదు. రిస్లీ అనే ఆంగ్లేయ అధికారి అచ్చువేసిన బెంగాల్ ప్రజల కొలతలను ఒకదానితో ఒకటి సరిచూసి, అందులోని తప్పులను పట్టుకున్నారు. జనపనార సాగును అంచనా వేసేటప్పుడు ఒకే ప్రాంతానికి వేర్వేరు బృందాలను విడివిడిగా పంపి, వారి లెక్కలు పొసగుతున్నాయో లేదో చూసేవారు.

1931లో ఆయన స్థాపించిన సంస్థకు 1941లో ఒక తెలుగు యువకుడు వచ్చాడు. అతనే కల్యంపూడి రాధాకృష్ణ రావు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వల్ల గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ బడులు మారుతూ చదివినవాడు. అంటే మీలాంటివాడే! 1946లో సూడాన్‌లోని తవ్వకాలలో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ పద్ధతిలో విశ్లేషించడానికి కేంబ్రిడ్జికి వెళ్ళింది ఈయనే. తరువాత సి.ఆర్. రావుగా జగత్ప్రసిద్ధులయ్యారు.

తలను బయటినుంచి కొలిచిన కాలం పోయి, ఇప్పుడు లోపలినుంచి కొలిచే కాలం వచ్చింది. ఎం.ఆర్.ఐ. చిత్రం చిన్న చిన్న ఘనాల సముదాయం. ఒక్కొక్కటీ సుమారు 1 మిల్లీమీటరు అనుకుంటే, పెద్దవారి మెదడులో 10 లక్షలకు పైగా ఘనాలుంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని బూడిదరంగు పదార్థం, తెల్లని పదార్థం, ద్రవం అని విడదీస్తుంది. ఒక్కొక్క భాగం ఘనపరిమాణాన్ని లెక్కకట్టి, అదే వయసులోని ఆరోగ్యవంతుల కొలతలతో పోలుస్తుంది. జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ మెదడులో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటుంది. ఒకవైపుది మామూలు హద్దులలో పెద్దది, రెండోవైపుది మామూలు హద్దులలోనే చిన్నది అయితే, విడివిడిగా చూస్తే ఏ తేడా కనబడదు. రెండూ కలిపి చూస్తే అది అరుదని మహలనోబిస్ దూరం చెబుతుంది. జబ్బు ఉందా లేదా అని తేల్చేది మాత్రం వైద్యులే.

అయితే ఎవరితో పోలుస్తున్నాం అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలాకాలం కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన నమూనా మెదడునే వాడారు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వందమంది భారతీయుల చిత్రాలతో భారతీయ నమూనాను రూపొందించారు. మన మెదడు సగటున కాస్త చిన్నదని అందులో తేలింది. దానికీ తెలివికీ ముడిపెట్టకూడదు. అయితే వేరే దేశపు నమూనాతో పోల్చితే ఆరోగ్యంగా ఉన్న మన పిల్లవాడి మెదడు కుంచించుకుపోయిందని పొరబడే ప్రమాదం ఉంది.

మహలనోబిస్ అక్కడితో ఆగలేదు. 1950లో జాతీయ నమూనా సర్వేకు, తరువాత రెండవ పంచవర్ష ప్రణాళికకు రూపమిచ్చారు. 1956లో దేశంలోని తొలి కంప్యూటర్ ఆయన సంస్థలోనే నెలకొంది. 1968లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, 1972 జూన్ 28న మరణించారు. ఆయన జన్మదినాన్ని మనం జాతీయ గణాంక దినంగా జరుపుకుంటున్నాం.

ఏటా బదిలీల కాలంలో మన తరగతులకు కొత్త పిల్లలు వస్తారు. ఒకరికి హిందీ రాదు, ఇంకొకరికి లెక్కలలో వెనుకబాటు ఉంటుంది. ఆ ఒక్క కొలతతో వారెంత దూరమో నిర్ణయించేస్తాం మనం. ఎక్కడినుంచి వచ్చారు, ఎన్ని బడులు మారారు, ఇంకేమేం వచ్చు అన్నవి కూడా కలిపి చూస్తే, ఆ దూరం మనం అనుకున్నంత ఉండకపోవచ్చు.