తగడూరు రాయబారి అవ్వైయార్

ధర్మపురి: ఇప్పుడు పొరుగు దేశంతో తగాదా వస్తే మాట్లాడటానికి విదేశాంగ మంత్రి వెళతారు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట, ధర్మపురి ఇంకా తగడూరుగా ఉన్న రోజుల్లో, ఆ పని ఓ కవయిత్రి చేసింది. ఆమే అవ్వైయార్. ఆత్తిచూడి రాసిన అవ్వ వేరు, ఆమె చాలా శతాబ్దాల తర్వాతి మనిషి.

తగడూరు పాలకుడు అదియమాన్ నెడుమాన్ అంజికి అవ్వైయార్ అంటే ప్రాణం. ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా ఆమెకే ఇచ్చేశాడట. తొండైమాన్‌తో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఆమెనే రాయబారం పంపాడు. తొండైమాన్ తన ఆయుధశాల చూపించాడు. నెయ్యి పూసి, నెమలి ఈకలు, దండలు చుట్టిన ఈటెలు మెరిసిపోతున్నాయి. ఆమె బెదరలేదు, మెచ్చుకుంది. తమ రాజు ఈటెలు మాత్రం మొనలు విరిగి కమ్మరి కొట్టంలో పడున్నాయని చెప్పింది. మెరిసేవి వాడనివే కదా! ఈ ముచ్చట పురనానూరు 95వ పాటలో ఉంది. దాంతో యుద్ధం ఆగిందని జనం చెప్పుకుంటారు గానీ పాటలో ఆ సంగతి లేదు.

తర్వాత చేరరాజు పెరుంజేరల్ ఇరుంపొరై దండెత్తాడు. తగడూరు పడిపోయింది, అదియమాన్ నేలకొరిగాడు. ఆయన వీరగల్లుకు నెమలి ఈకలు కట్టి, చిన్న పాత్రతో కల్లు పోస్తుంటే అవ్వైయార్ తట్టుకోలేకపోయింది. రాజ్యమే ఇస్తామన్నా పుచ్చుకోనివాడు ఈ కాస్త కల్లు పుచ్చుకుంటాడా అని ఏడ్చింది.