సర్ డీట్రిష్ బ్రాండిసుగారి చరిత్రము

వ్యవసాయమునకు విద్య కావలెననిన నెల్లరు నంగీకరింతురు గాని, అడవిని పెంచుటకును చదువేల యని నవ్వువారు నేటికిని గలరు. చెట్లు తమంతట తామే మొలచును గదా యని వారి తలంపు. అది సరికాదని మన దేశమున జూపినవారిలో ముఖ్యులగు డీట్రిష్ బ్రాండిసుగారి చరిత్రమును మా చదువరులకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1824వ సంవత్సరమున జర్మనీ దేశమందలి బాన్ నగరమున జన్మించిరి. తండ్రి తత్త్వశాస్త్ర పండితుడు. బ్రాండిసుగారు వృక్షశాస్త్రము నభ్యసించి, 1849 మొదలు బాన్ విశ్వవిద్యాలయమున దానినే బోధించుచుండిరి. సీరాంపూరు మిషనరీలలో సుప్రసిద్ధులగు జాషువా మార్షమన్‌గారి కుమార్తెను 1854లో వివాహమాడిరి. ఆమె సోదరి భర్త హావెలాకు సేనాని. ఈ బంధుత్వముచే వీరి పేరు గవర్నరు జనరలగు డల్హౌసీ ప్రభువునకు దెలిసెను. 1856లో వీరు బర్మాలోని పెగూ టేకు అడవులకు పర్యవేక్షకులైరి. వృక్షశాస్త్రమే తప్ప అడవుల యుద్యోగమునకు వలయు శిక్షణము వీరికి లేదు. అడవియే వీరికి బడి యయ్యెను.

ఓడలు కట్టువారివలన నప్పుడు టేకునకు గిరాకి మెండు. ఆ యడవులలో చెట్లెన్ని యున్నవో యెవరికిని దెలియదు. ఉన్న మొదలెంతో యెరుగకయే వ్యయము సాగుచుండెను. బ్రాండిసుగారు ఏనుగునెక్కి అడవిలో బోవుచు, దారికిరుప్రక్కల గానవచ్చు టేకుచెట్లను లెక్కించి వెదురు ముక్కలపై కత్తితో గంట్లు పెట్టుచుండిరి. బోదె చుట్టుకొలతనుబట్టి చెట్లను నాలుగు తరగతులు చేసిరి. ఆరడుగులును అంతకు మించినవియు మొదటి తరగతి. నాలుగున్నర మొదలు ఆరడుగుల లోపలివి రెండవది. చిన్నవి తక్కిన రెండును. రెండవ తరగతి చెట్టు మొదటి తరగతికి వచ్చుట కెన్నియేండ్లు పట్టునో కనుగొని, ఏటేట నట్లు పెరిగివచ్చునన్ని చెట్లనే కొట్టవలెనని నిర్ణయించిరి. లెక్క చిన్నదే గాని, దానిని వర్తకులచే నొప్పించుట చిన్నపని గాదు.

పచ్చి టేకు నీట మునుగును. కావున బోదెచుట్టు బెరడును దాని లోపలి తెల్లకొయ్యను గోసి, చెట్టును నిలువుననే రెండు మూడేండ్లు ఎండనిచ్చి, పిదప గొట్టి ఏనుగులచే ఏటికీడ్పించి తేలవేయుదురు. కొండలలో కరెను జాతివారు పోడు సేద్యము చేయుచుండిరి. వారిని వెడలగొట్టుటకు మారుగా, పైరుతోగూడ టేకును నాటునట్లు చేసిరి. వారు ఆ పొలమును విడుచునప్పటికి లేతటేకు తోట నిలిచియుండెడిది. దీనికి టాంగ్యా యని పేరు; బర్మా భాషలో కొండపొలమని యర్థము.

1864లో వీరు భారతదేశపు అడవులకు మొదటి ఇన్‌స్పెక్టరు జనరలైరి. 1866లో ష్లిఖ్, రిబ్బెన్‌ట్రాపు అను జర్మనులు వీరికి దోడువచ్చిరి. 1878లో డెహరాడూనున అడవి పాఠశాల స్థాపింపబడెను. సమీపారణ్యములను పాఠశాల క్రిందనే యుంచుటచే విద్యార్థులు గ్రంథమున జదివినదానిని చెట్టువద్ద జూచి నేర్చుకొనగలిగిరి. పాఠమును బనియు నిట్లు జతపరచుట మాకు మిక్కిలి మెచ్చదగినదిగా దోచుచున్నది.

ఆ యేటనే అడవి చట్టమును వచ్చెను. గ్రామస్థులకు వారి యడవులు వారికే యుండవలెనని బ్రాండిసుగారు వాదించిరి గాని, సర్కారు హక్కే గట్టిపడెను. వీరు చెన్నరాజధానికి వచ్చి సలహాలొసగిన పిమ్మట, 1882లో ఇచ్చటను చట్టమేర్పడెను. దానివలన మన తెలుగు జిల్లాలలో కట్టెలకును, పశువుల మేతకును, పోడునకును గలిగిన కష్టములు పల్నాటిలో 1921లోను, రంపదేశమున 1922లోను కలహములకు గారణములలో నొకటియయ్యెను. చెట్లను లెక్కించుట యెరిగిన శాఖ, ఆ చెట్లనీడ బ్రదుకువారిని లెక్కింపకపోయెనని మా యభిప్రాయము. తప్పంతయు బ్రాండిసుగారిదనుట న్యాయము గాదు. వారికి బాధ్యత లేదనుటయు నిజము గాదు.

1883లో ఉద్యోగము చాలించి స్వదేశమునకు బోయిరి. భారతదేశమునకు రాదలచిన ఆంగ్ల యువకులకు జర్మనీ అడవులను జూపుచు బోధించిరి. 1889లో తమ్ము జూడవచ్చిన గిఫర్డ్ పించాట్ అను అమెరికా యువకునికి సలహాలొసగిరి. అతడే తరువాత ఆ దేశపు అడవి శాఖకు మొదటి యధిపతి యయ్యెను. హిందూదేశ వృక్షములనుగూర్చిన వీరి పెద్ద గ్రంథము 1906లో వెలువడెను. మరుసటియేట బాన్ నగరముననే వీరు మరణించిరి.