విద్యుత్తుకు పద్దు రాసిన ఫారడే

పింఛనుదార్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడగ్గానే నాకు మైకేల్ ఫారడే పేరు స్ఫురించింది. రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక అందులో వింత లేదు. అయితే ఆయన మనలాగే పింఛనుదారు కూడా. ఆ సంగతి పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ శివార్లలో ఒక కమ్మరి ఇంట జన్మించారు. చదవడం, రాయడం, కాసిని కూడికలు, తీసివేతలు – బడి చదువు అంతటితో సరి. 14వ ఏట జార్జ్ రీబో అనే ఆయన బైండింగు దుకాణంలో కుదిరి ఏడేళ్లు పని నేర్చుకున్నారు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే ఆయనకు కళాశాల. 1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి టికెట్లు ఇప్పిస్తే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. విన్నదంతా రాసి, బొమ్మలు గీసి, స్వయంగా బైండు చేసి డేవీగారికి పంపుకున్నారు. 1813 మార్చిలో అక్కడే సహాయకుడి ఉద్యోగం దొరికింది. ఆయన సర్వీసంతా ఆ సంస్థలోనే గడిచింది.

1831లో ఆయన కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ మీదనే మన జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు నడుస్తున్నాయి. నాకు మాత్రం అంతకన్నా ప్రీతిపాత్రమైనవి 1833–34లో ఆయన తేల్చిన విద్యుద్విశ్లేషణ నియమాలు. లోహలవణ ద్రావణంలో రెండు కడ్డీలు ముంచి కరెంటు పంపితే ఒకదాని మీద లోహం పేరుకుంటుంది. ఎంత పేరుకుంటుందన్నది ప్రశ్న. కడ్డీల పరిమాణం మార్చారు, ద్రావణం గాఢత మార్చారు. చివరికి ప్రవహించిన విద్యుత్తు మొత్తమే లెక్కకు వస్తుందని తేల్చారు. రెండింతలు పంపితే రెండింతలు పేరుకుంటుంది. అంతే విద్యుత్తు వేర్వేరు ద్రావణాల్లో పోతే పదార్థాలు తమ తుల్యభారాల నిష్పత్తిలో వెలువడతాయి. యానోడు, కాథోడు, అయాను అన్న మాటలు కూడా హ్యూవెల్ అనే పండితుడి సాయంతో ఆయన వాడుకలోకి తెచ్చినవే.

అప్పటికి ఎలక్ట్రాన్ అన్న మాటే లేదు. 1891లో స్టోనీ ఆ పేరు పెట్టారు; 1897లో జె.జె. థామ్సన్ ప్రయోగపూర్వకంగా దాని ఉనికిని చూపారు. ఎలక్ట్రాన్ పేరైనా తెలియని మనిషి ఎలక్ట్రాన్లకు పద్దు రాసిపెట్టారన్నమాట! ఉన్నత గణితం రాని ఆయనకు ఆ పద్దు తూకం పళ్లెంలో దొరికింది.

మనవలు అడిగితే ఆ లెక్క మీరూ చెప్పవచ్చు. ఆంపియర్లను సెకన్లతో గుణిస్తే కూలుంబులు వస్తాయి. కూలుంబులను 96,485తో భాగిస్తే ఎలక్ట్రాన్లు ఎన్ని మోల్‌లో తెలుస్తుంది. డజను అంటే పన్నెండు అన్నట్టే, మోల్ అంటే సుమారు 6.022 × 10²³. ఆ 96,485 కూలుంబులనే ఒక ఫారడే అంటారు. వెండి పూత తొట్టిలో 2 ఆంపియర్లు అరగంట పంపామనుకోండి. 2 × 1,800 = 3,600 కూలుంబులు. భాగిస్తే 0.0373 మోల్. వెండి అయాను ఒక్కో ఎలక్ట్రానుతో తృప్తి పడుతుంది కనుక 0.0373 మోల్ వెండి, అంటే సుమారు 4 గ్రాములు పేరుకుంటుంది. రాగి అయానుకు రెండేసి కావాలి. అందువల్ల సగం మోల్‌లే, సుమారు 1.19 గ్రాములు. పిల్లలు జారేది రెండు చోట్ల: నిమిషాలను సెకన్లు చేయడం మరిచిపోతారు, అయానుకు ఎన్ని ఎలక్ట్రాన్లు కావాలో చూసుకోరు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు ఇంట్లో ఇన్వర్టరు ఎంతసేపు ఆదుకుంటుందన్నదీ ఈ లెక్కే. 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 5,40,000 కూలుంబులు. అది పూర్తిగా ఖర్చయ్యేసరికి ఒక్కో సెల్లు నుంచి 5.6 మోల్‌ల ఎలక్ట్రాన్లు బయటికి వెళ్తాయి. తిరిగి ఛార్జి చేసేటప్పుడు కనీసం అన్నీ జమ కావాలి. ఇక్కడ అరువు బేరం కుదరదు.

ఇక పింఛను సంగతి. 1835లో ఫారడేకు ప్రభుత్వ పింఛను ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. పిలిపించి మాట్లాడిన ప్రధాని లార్డ్ మెల్‌బోర్న్, శాస్త్రవేత్తలకు పింఛన్లివ్వడమే ఒక బూటకమన్నట్టు తేలిక చేశారు. ఫారడే వాదించలేదు. ఇంటికి వచ్చి, తనకు ఆ పింఛను వద్దని అదే రోజు కబురు రాసి పంపారు. ప్రధాని రాతపూర్వకంగా విచారం వెలిబుచ్చిన తర్వాతే ఏటా 300 పౌన్ల పింఛను అంగీకరించారు. ఆ డబ్బు ఆయనకు అక్కరలేక కాదు. కష్టపడినవాడికి రావలసినది దానంలా విసిరితే పుచ్చుకోకూడదని ఆయన పట్టుదల. మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో, పింఛను యజమాని దయాదాక్షిణ్యాల మీద ఆధారపడే బహుమానం కాదని తీర్పు చెప్పింది. ఆ తేదీనే మనం పండుగ చేసుకుంటున్నాం. ఫారడే ఒంటరిగా నిలబడింది ఆ మాట మీదే.

నడివయసులోనే ఆయనకు మరపు మొదలైంది. మరపును ఆయన కాగితంతో ఎదుర్కొన్నారు. ప్రయోగాల దినచర్యలో ప్రతి పేరాకూ వరుస నంబరు వేసుకున్నారు. ఆ నంబర్లు పదహారు వేలు దాటాయి. సర్ బిరుదు వద్దన్నారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నారు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు వద్ద ఇచ్చిన ఇంట్లో, భార్య శారా తోడుగా చివరి రోజులు గడిపి, 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. హైగేట్ శ్మశానంలో ఆయన సమాధి రాతి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమే ఉన్నాయి. పద్దు అంతటితో సరిపోయింది.