రాత్రి డ్యూటీ లేని చదువు

ఈసారి మన సీనియర్ ఒకావిడ గురించి రాస్తున్నాను. మన కాలేజీ సీనియర్ కాదు, ఈ దేశంలో ఇంజినీరింగ్ చదివిన ఆడపిల్లలందరికీ సీనియర్. పేరు అయ్యలసోమయాజుల లలిత. ఎ. లలిత అంటే చాలామంది గుర్తుపడతారు. మన దేశపు తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరు, అదీ నా బ్రాంచే, ఎలక్ట్రికల్. క్విజ్‌లో ఈ పేరు చెప్పి మార్కు కొట్టేసినవాళ్లు మనలో ఉన్నారు. కానీ ఇంజినీరింగ్‌లో చేరేనాటికే ఆవిడ ఒక పాపకి తల్లి అన్న సంగతి ఎంతమందికి తెలుసు?

లలిత 1919లో మద్రాసులో ఓ తెలుగు కుటుంబంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఐదో సంతానం. నాన్నగారు పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆ ఇంట్లో అబ్బాయిలు ఇంజినీర్లయ్యారు. అమ్మాయిలకి మాత్రం ఆ కాలం పద్ధతే, కాస్త చదువు, ఆ తర్వాత పెళ్లి. లలితకి పదిహేనేళ్లకే పెళ్లైంది. 1937లో కూతురు పుట్టింది. పాపకి నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయారు. అప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్లు, అంటే మన ఫస్టియర్ వయసు!

అలాంటి ఆడపిల్లకి గుండు చేయించి, ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టే రోజులవి. లలిత పుట్టింటికి వచ్చేసి మళ్లీ పుస్తకం పట్టారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. తర్వాత ఏం చదవాలి? అప్పట్లో ఆడవాళ్లకి తెరుచుకున్న పెద్ద చదువంటే వైద్యమే. కానీ డాక్టరైతే అర్ధరాత్రి కబురొచ్చినా పాపని వదిలేసి వెళ్లాలి. పగలు పని చేసుకుని సాయంత్రానికి ఇంటికి చేరే ఉద్యోగం కావాలి ఆవిడకి. ఆ లెక్క వేసుకునే ఇంజినీరింగ్ ఎంచుకున్నారు. ఇక్కడే నేను కాసేపు ఆగిపోయాను. చరిత్ర సృష్టిద్దామని కాదు, రాత్రిపూట పాప పక్కన ఉండాలని గిండీలో చేరిందన్నమాట!

సుబ్బారావుగారు ప్రిన్సిపాల్ చాకోగారితోనూ, విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్‌గారితోనూ మాట్లాడి సీటు ఇప్పించారు. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కతే అమ్మాయి. క్లాసులో ఇబ్బందేమీ లేదు, అబ్బాయిలు బాగానే ఉండేవారట. హాస్టల్లోనే ఒంటరితనం. అందుకని మరికొందరు అమ్మాయిల్ని చేర్చుకునేలా నాన్నగారే పూనుకున్నారు. అలా లీలమ్మ జార్జ్, పి. కె. త్రేసియా సివిల్ బ్రాంచిలో చేరారు. లలిత పాప ఈ నాలుగేళ్లూ కాలేజీకి దగ్గర్లోనే మేనమామ ఇంట్లో పెరిగింది. వారాంతాల్లో అమ్మ వచ్చి చూసి వెళ్లేది.

ఈ వారాంతాల సంగతి నాకు ఊరికే పట్టలేదు. మా అక్క బీపీటీ, అంటే ఫిజియోథెరపీ చదువుతోంది. మూడో ఏడాదిలో పెళ్లైంది. ఇప్పుడు చివరి ఆరు నెలల ఇంటర్న్‌షిప్, తనకేమో ఐదో నెల. పక్షవాతం వచ్చినవాళ్లని లేపి కూర్చోబెట్టాలి, పట్టుకుని నడిపించాలి, రోజంతా కాళ్ల మీదే ఉండాలి. కొన్నాళ్లు ఆపి పురుడయ్యాక పూర్తిచేస్తానని అక్క అంటోంది. ఆపితే ఇంక అంతే సంగతులని ఇంట్లో అందరి భయం. అక్క నెగ్గుకురాగలదా అన్నదే రోజూ చర్చ. లలిత కథ చదివాక నాకు అది సరైన ప్రశ్న కాదనిపించింది. సోమవారం నుంచి శనివారం దాకా పిల్లని ఎవరు ఎత్తుకుంటారు? అడగాల్సింది అది కదా!

లలిత ఆ తర్వాతి జీవితంలోనూ ఇదే కనిపిస్తుంది. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేశారు. డిగ్రీ కాయితం మీద అబ్బాయిల కోసమే అచ్చు వేసిన పదాన్ని కొట్టేసి, చేత్తో ఆడవాళ్ల పదం రాసి ఇవ్వాల్సి వచ్చింది. సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఉద్యోగం చేసినప్పుడు ఉన్నది సోదరుడి దగ్గరే. తర్వాత కొన్నాళ్లు మద్రాసులో నాన్నగారి పరిశోధనల్లో సాయపడ్డారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. ఆ ఊళ్లోనూ ఒక సోదరుడి కుటుంబం ఉంది. ఉద్యోగం ఎక్కడన్నది తేలేముందు పాపకి ఇల్లెక్కడన్నది తేలాలి మరి.

కలకత్తాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు డిజైన్ చేశారు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు గీశారు, ప్రొటెక్టివ్ గేర్ పని చూశారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు ఎలక్ట్రికల్ పనుల్లోనూ ఆవిడ చెయ్యి ఉంది. మనం ఆరో సెమిస్టర్లో రిలే సెట్టింగులతో కుస్తీ పడతామే, ఆవిడకి రోజువారీ పని అది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్ల, సైంటిస్టుల తొలి అంతర్జాతీయ సమావేశం జరిగింది. దానికి చీరకట్టుతో, తన సొంత హోదాలో వెళ్లొచ్చారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1979లో, అరవై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

లలితని ఒంటరి పోరాటం చేసిన వీరనారి అనేస్తే సులువే, కానీ అది సగమే నిజం. ఫార్ములాలు బట్టీ పట్టిందీ, వర్క్‌షాపులో చేతులు నల్లగా చేసుకున్నదీ ఆవిడే. ప్రతి శుక్రవారం దాకా బిడ్డని చూడకుండా ఓర్చుకున్నదీ ఆవిడే. అయితే సీటు కోసం ఒక తండ్రి తిరిగాడు. పాపకి మేనమామ ఇంట్లో రోజూ ఎవరో అన్నం కలిపి పెట్టారు. ఆ పెట్టినవాళ్ల పేర్లు ఏ క్విజ్‌లోనూ రావు. మనకి తెలిసినవాళ్లెవరైనా పెళ్లితోనో పాపతోనో చదువుకుంటుంటే, శభాష్ అని స్టేటస్ పెట్టడం కన్నా పరీక్షల వారంలో ఓ పూట పిల్లని చూసుకోవడం మేలు. మా ఇంట్లో ఆ లిస్టు మొదలైంది. వచ్చే వేసవి సెలవుల ఎదురుగా నా పేరుంది.